బోర్లించని బిందె

చిట్టా 41

సువర్చల వరస మళ్ళీ వచ్చింది.

నిన్న సాయంత్రం కూడా నా చేత్తోనే తీసేశాను. ఈ ఉదయం తెర మీద నీళ్ళ బుక్కు తెరిస్తే ఎక్కడిదక్కడే ఉంది. పేరు, తెప్ప, వంతు, వాటా. నాలుగు గడులూ నిండి ఉన్నాయి. తెప్ప, చివరి నుంచి రెండోది. వంతు, తెల్లవారుజామున మొదటిది. వాటా, ఒక బిందె. పక్కన మార్పుల పట్టీలో, ఎవరు రాశారన్న చోట, ఆమె పేరే ఉంది.

నా భార్య పోయి రెండు నెలలు దాటింది. ఆమె తాళంచెవిని రద్దు చేసింది కూడా నేనే.

బుక్కు కాపరిగా నేను రాసే ఈ చిట్టాలో సొంత సంగతులు రాయకూడదన్నది నియమం. ఇది సొంత సంగతో బుక్కు సంగతో తేలేదాకా రాస్తాను.

మిగతా పనులు. మర దగ్గర మీరావలి వడపోత పొరలు మార్చాడు. అతని గడులకు తాళం తీసి, అంకెలు వేసుకున్నాక మళ్ళీ బిగించాను. బడి షీటులో ఎవరో హాజరు చెరిపేసి చేపల పులుసు కొలతలు అతికించారు. పాతది తెచ్చి పెట్టి, పంతులమ్మ రాసుకునే గడులు తప్ప మిగతావన్నీ మూసేశాను. పులుసు కొలతలు పంతులమ్మవేనట. "బాగా కుదిరిందండీ, పారేయకండి" అంది. వేరే షీటు ఇచ్చాను.

చిట్టా 42

ఆమె వంతుకి కొళాయి తెరుచుకుంది.

సముద్రం మీద తెప్పలతో కట్టిన మా తెప్పలూరులో కొళాయిని ఎవరూ చేత్తో తిప్పరు. మర సముద్రాన్ని వడపోసి మంచినీళ్ళు చేస్తుంది. బుక్కులో వరస ఉన్న మనిషి వంతు రాగానే ఆ ఇంటి కొళాయి దానంతటదే తెరుచుకుని, ఒక బిందెడు వదిలి మూసుకుంటుంది. కొళాయి కింద బరువు తూచే పళ్ళెం ఉంటుంది. మనిషికో వరస, వరసకో బిందె. గొట్టం మోయగలిగినన్నే వరసలు. ఒకటి ఎక్కువైతే బుక్కు కింది నుంచి కోసేస్తుంది.

మా పడమటి గొట్టం మీద కింది వరస ఈశ్వరిది. పక్క తెప్పలో నూకాలమ్మ కోడలు. పెళ్ళయి ఆఖరున వచ్చింది కాబట్టి ఆఖరి వరస. ఇప్పుడు నెలలు నిండాయి. మొగుడు తన వాటా నీళ్ళు ముందే ఎత్తుకుని నాచు పడవ మీద దూరం పోయాడు. సువర్చల వదిలిన వాటాలో సగం చూలాలికని కమిటీ ఈశ్వరికి కలిపింది. కాన్పయ్యాక ఆ వరస మొత్తం బిడ్డకు.

వరస ఖాళీ అయితే కదా. తెల్లారేసరికి సువర్చల పేరు వచ్చి కూర్చుంటోంది. నా ఇంట్లో ఆమె బిందె నిండుతోంది. ఈశ్వరికి కలిపిన సగం ఎగిరిపోతోంది.

ఆమె బిందె పళ్ళెం మీదే ఉంటుంది. నా వంతుకి దాన్ని దించి నాది పెడతాను. నాది నిండాక మళ్ళీ దాన్ని ఎక్కిస్తాను. మొదటి నుంచీ మా ఇంట్లో అలాగే చేశాం. ఆ నీళ్ళను కప్పు మీది ఆనపపాదుకు పోస్తున్నాను. పాదు ఆమెది.

నేను గణితం చదివాను. దయ్యాలను నమ్మను. అయినా కొళాయి చప్పుడుకి ముందే మెలకువ వస్తోంది. ఆమెకు అలా వచ్చేది. లేచి వెళ్ళి బిందె పక్కన గొంతుక్కూర్చుని, అంచు మీద వేళ్ళతో తట్టి, "నిండావా తల్లీ" అనేది. నాతో కంటే బిందెతోనే ఎక్కువ మాట్లాడేది.

ఈ ఉదయం బిందె నిండింది. ఎవరూ ఏమీ అనలేదు.

చిట్టా 43

నూకాలమ్మ తాడువంతెన అవతల చేపలు తిరగేస్తూ మా కప్పు వైపు చూసింది.

"ఏటి బాబూ, మీ ఆనపపాదు ఇలగ ఇరగకాసేత్తంది?"

"గాలి బాగుంది అప్పా."

"గాలి మా తెప్పకీ కొడతాది. మా బీరపాదు మాడి మసైపోనాది. ఒక్క బిందెతో నువ్వు తాగి, వండుకోని, ఒళ్ళు కడుక్కోని, మళ్ళీ అంత పాదు పెంచేత్తన్నావంటే ఆ మంతరమేదో మాకూ సెప్పు. నేర్సుకుంతాం."

ఈశ్వరి గుమ్మంలో నడుము పట్టుకుని నిలబడి ఉంది. నవ్వింది. "అత్తా, ఊరుకో. బాబాయిగారు కాయలన్నీ మనకే కదా ఇస్తున్నారు."

"ఇత్తన్నాడు. అదే నా బయం. ఎవురి నీళ్ళతో కాసిన కాయో తెలకుండా కడుపుతో ఉన్న దానికి వండి పెట్టీసినాను."

దాచడంలో అర్థం లేదు. వరస తిరిగి వస్తోందని చెప్పాను. తీసినా వస్తోందని, ఎవరు రాస్తున్నారో వెతుకుతున్నానని చెప్పాను. ఆమె చేతిలో చేప అలాగే ఉండిపోయింది.

"సువర్చలమ్మ పేరుతోనే వత్తన్నాదా?"

"ఆ."

"మరైతే ఆవిడ మనసు ఇంకా ఇక్కడే ఉన్నాది."

"బుక్కుకి మనసుండదు అప్పా."

"బుక్కు కట్టినావిడికి ఉన్నాది కదా" అని, చేపను బోర్లా వేసి లోపలికి వెళ్ళిపోయింది.

చిట్టా 44

తాళాలన్నీ మార్చాను. కాపరి తాళం, మర తాళం, కమిటీ తాళం. వరసల షీటులో ఏ గడీ నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోకుండా బిగించాను. సువర్చల వరస తీశాను.

ఉదయానికి వచ్చింది.

ఇవాళ తూర్పు గొట్టం మీద చింతాడ అప్పలస్వామికి పదో రోజు. కాపరిగా వెళ్ళాలి, వెళ్ళాను. ఊరి ఆనవాయితీ తెలిసిందే. పదో రోజున, పోయిన మనిషి వంతు వచ్చినప్పుడు, ఇంటివాళ్ళు ఆ మనిషి బిందెను పళ్ళెం మీద బోర్లిస్తారు. కొళాయి తెరుచుకుంటుంది. బోర్లించిన బిందె మీద నీళ్ళు పడి, చెక్కల సందుల్లోంచి సముద్రంలోకి పోతాయి. పేరు పెట్టి పిలిచి "నీ వంతు అయింది" అంటారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు. గుమ్మం బయట కాపరి నిలబడి "బోర్లించారా?" అని అడుగుతాడు. లోపల్నించి "బోర్లించాం" అంటారు. అప్పుడు కాపరి వెళ్ళి వరస తీస్తాడు.

ఒక బిందెడు మంచినీళ్ళు సముద్రం పాలు. వడపోత లెక్కలు తెలిసినవాడిగా ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ఒకసారి ఇంట్లో అన్నాను. సువర్చల బియ్యం ఏరుతోంది. "పోనీండి, ఆ ఒక్కటే కదా వాళ్ళతో వెళ్ళేది" అంది.

అప్పలస్వామి కొడుకు "బోర్లించాం" అన్నాడు. వెళ్ళి వరస తీశాను. తూర్పు గొట్టం మీద పాప ఒకతి కాచుకుని ఉంది. ఆమెకు ఎక్కించాను. ఒక గొట్టం వాటా ఇంకో గొట్టానికి పోదు. లేకపోతే ఈశ్వరి బిడ్డకు అడిగేవాణ్ణి.

చిట్టా 45

అప్పలస్వామి వరస తిరిగి రాలేదు. సువర్చలది వచ్చింది.

ఒకే షీటు. ఒకే తాళం. ఒకే చెయ్యి తీసింది.

మధ్యాహ్నం కమిటీ పెద్ద కృపావరంగారు కాపరి గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"జోగారావుగారూ, ఒక మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి."

"అడగండి."

"ఆ వరస మీరే రాస్తున్నారా?"

"లేదు."

"తప్పని అనడం లేదండీ. మా ఆవిడ పోతే నేనూ రాసేద్దును. నాకు బుక్కు రాదు, మా ఆవిడకేమో రాయిలాంటి ఆరోగ్యం. అది వేరే సంగతి." నేను నవ్వలేదు. ఆయనా ఆపేశారు. "జనం అంటున్నారు. తాళం మీ దగ్గరుంది. పేరు మీ ఇంటిది. నీళ్ళు మీ ఇంట్లో పడుతున్నాయి. ఇంకెవర్నని అనుకోవాలి?"

"వెతుకుతున్నాను."

"పున్నమి సభ దాకా చూస్తాం. అప్పటికీ తేలకపోతే తాళాలన్నీ తీయించేస్తాను. తాళాల్లేని పాత నకలు ఉందట కదా. దాన్ని పెట్టుకుని ఎవరి వరస వాళ్ళు చూసుకుంటారు. దాపరికం ఉండదు."

ఆయన తాళాలు వేశాక ఊరికి వచ్చిన మనిషి. తాళాల్లేని రోజులు నాకు గుర్తున్నాయి. చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒకాయన తల్లికి జ్వరమని అర బిందె కలిపాడు. అది చూసి పక్కింటాయన చంటిపిల్లలని కలిపాడు. ఎవరి చెయ్యో తగిలి మొత్తం చూపించే గడిలో సూత్రం పోయి ఒట్టి అంకె మిగిలింది. ఎంత కలిపినా ఆ అంకె మారదు. అంతా సరిపోయిందనే బుక్కు చెప్పింది. మర ఎండేదాకా అదే చెప్పింది. ఆ వేసవిలో తూర్పు గొట్టం చివర ఇద్దరు పోయారు.

ఆ తర్వాతే సువర్చల గడిగడికీ తాళాలు పెట్టింది. ఎవరు ఏది రాయాలో అదొక్కటే తెరిచి ఉంచింది. తాళం పగలగొట్టడం నిమిషంలో పని అని నేనంటే, "ఇది తలుపు కాదండీ, దడి. దొంగ కోసం కాదు. మేక కోసం" అంది.

ఇప్పుడు దడి లోపల ఏదో తిరుగుతోంది. అది మేకో దొంగో తెలియడం లేదు.

చిట్టా 47

46 రాసి కొట్టేశాను. అది సొంత సంగతి.

నిన్న మధ్యాహ్నం ఈశ్వరికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల చిన్నది కానీ గొంతు పెద్దది. చెక్కగోడ ఇవతలికి బాగా వినిపిస్తోంది.

సాయంత్రం సువర్చల వరస తీసి ఆ వాటాతో పాప వరస ఎక్కించాను. పేరు గడి ఖాళీగా ఉంటే బుక్కు ఒప్పుకోదు. ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి "నూకాలమ్మ మనవరాలు" అని రాశాను. తాళం వేశాను. రెండుసార్లు లాగి చూశాను.

తెల్లారేసరికి సువర్చల వచ్చింది. ఒక వరస ఎక్కువైంది. బుక్కు కింది నుంచి కోసింది. ఆఖరున వచ్చింది కాబట్టి కింద ఉన్నది పాప.

బిందె నిండాక దాన్ని ఎత్తుకుని వంతెన దాటాను. నూకాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏటది?"

"నీళ్ళు. పాపకి, ఈశ్వరికి."

"ఎవురివి?"

బిందెను చంక మార్చుకున్నాను.

"బాబూ, నీ ఇంటిదాన్ని నానేమీ అనను. బంగారంలాంటి మనిసి. నాకు రెండు కాన్పులు సేసింది. అయితే పోయినోళ్ళ నీళ్ళు పురిటి గుడిసెలోకి తేకు. నా బిందె సాల్తాది మాకు. నాను తాగడం తగ్గించీనాను."

లోపల్నించి ఈశ్వరి గొంతు సన్నగా వినిపించింది. "అత్తా, పోనీ తీసుకో. పాలు పడ్డం లేదు నాకు."

"నువ్వు పడుకో" అంది నూకాలమ్మ. ఆమె పెదాలు పొట్టు లేచి ఉన్నాయి. ఆమెకు అరవై దాటాయి. కాస్త ఆగి, గొంతు తగ్గించి నాతో అంది. "ఆవిడ్ని అడుగు బాబూ. ఏటి కావాలో అడుగు. ఊరికే ఎవురూ వచ్చి కూకోరు."

బిందె వెనక్కి తెచ్చుకున్నాను. పాదుకు పోయడానికి చెయ్యి రాలేదు. అలాగే పెట్టాను.

చిట్టా 48

పున్నమి దగ్గర పడింది.

కాపరి గది తలుపు వేసుకుని, బుక్కును మొదటి నుంచి చూశాను. బయటివాళ్ళెవరో రాస్తున్నారని ఇన్నాళ్ళూ వెతికాను. గడులకు తాళాలు మార్చాను. మనుషుల తాళంచెవులు మార్చాను. బుక్కుకే ఒక తాళం ఉంది, దాన్ని ముట్టుకోలేదు. షీట్లు చేర్చకుండా, తీసేయకుండా, పేర్లు మార్చకుండా బుక్కు చట్రానికి వేసే తాళం అది. దాని చెవి కాపరి దగ్గరే ఉంటుంది. అవసరం రాలేదు కాబట్టి నేను ఎప్పుడూ తీయలేదు.

తీశాను. దాచిన షీటు ఒకటి బయటపడింది.

దాని పేరు "దడి".

లోపల ఇంకో తాళం లేదు. నిలువు పట్టీలు రెండే. మొదటిదాంట్లో ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లు, వరస తీయగానే వాటంతటవే చేరేవి. రెండోదాంట్లో దాదాపు ప్రతి పేరు ఎదుటా "బోర్లించారు" అని ఉంది. అది మనుషులు రాసేది కాదు. కొళాయి కింది పళ్ళెం రాసేది. వంతు నీళ్ళు పడ్డాక బిందె బరువెక్కితే మనిషి ఉన్నట్టు. నీళ్ళన్నీ పడినా బరువెక్కకపోతే బోర్లించినట్టు. కింద ఒకే ఒక్క సూత్రం. బోర్లించని వాళ్ళ వరసను ఎవరు తీసినా, కాపరి తీసినా సరే, మర్నాటి మొదటి వంతుకు ముందు తిరిగి పెట్టాలి.

సూత్రం ఆమె రాసింది కాబట్టి ఆమె పేరుతో నడుస్తోంది. తాళంచెవి రద్దు చేసినంత మాత్రాన సూత్రం ఆగదు.

పేర్ల పట్టీలో మొదటి పేరు గరికయ్యది. అతను పోలేదు, బతికే ఉన్నాడు. అతని ఎదుట మాత్రం "తిరిగొచ్చాడు" అని సువర్చల రాసుకుంది. నాచు పడవ దారి తప్పి నెలకు పైగా రాకపోతే, పోయాడనుకుని అప్పటి కమిటీ అతని వరస చెరిపేసింది. ఇంట్లో తల్లి నమ్మలేదు, బిందె బోర్లించలేదు. అతను ఎండి కట్టెలా తిరిగొచ్చి కొళాయి దగ్గర కూర్చుంటే చుక్క పడలేదు. ఆ రోజు సువర్చల అన్నం తినలేదు. "బతికున్నవాణ్ణి గడిలోంచి తుడిచేశారు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకుండా ఇంకెవర్నీ తుడవనివ్వను" అంది. ఏదో ఏర్పాటు చేసిందని తెలుసు. ఏమిటని అడగలేదు.

పట్టీలో ఆఖరి పేరు అప్పలస్వామిది, దాని పైది ఆమెది. ఆమె పేరు ఎదుటి గడి ఒక్కటే ఖాళీ.

పదో రోజున నేనేం చేశానో చెబుతాను. తెల్లవారుజామున ఆమె కొళాయి తెరుచుకుంది. బిందె మామూలుగానే పళ్ళెం మీద ఉంది. నిండనిచ్చాను. బుక్కు దగ్గరికి వెళ్ళి వరస తీసి సంతకం చేశాను. బోర్లించారా అని కాపరి అడగాలి. ఊరికి కాపరిని నేనే. నన్ను ఎవరూ అడగలేదు.

చిట్టా 49

నిన్న సాయంత్రం మళ్ళీ సువర్చల వరస తీసి పాపది ఎక్కించి, ఆ ఖాళీ గడిలో నేనే "బోర్లించారు" అని రాశాను. రాయకూడదు. రాశాను.

ఉదయం బిందె నిండింది. వంతుకు ముందే పళ్ళెం, నిన్నటి బిందె బరువు పట్టి, ఆ మాటను కొట్టేసింది. వరస వచ్చింది. పాప వరస పోయింది.

కృపావరంగారికి సంగతి చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

"అయితే ఆ దాచిన షీటును తీసి పారేయండి. చట్రం తాళం మీ దగ్గరే ఉందంటున్నారుగా. ఒక్క నొక్కుడు. సభ కూడా అక్కర్లేదు."

"తీసేయొచ్చు."

"మరి?"

"ఈశ్వరి మొగుడు నాచు పడవ మీదున్నాడు. వచ్చేది ఆలస్యమైతే ఎవరైనా అతని వరస తీసేయొచ్చు. అప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు."

ఆయన నా వైపు చూశారు. "ఇంకో దారి ఉంది కదండీ."

"ఉంది."

"అది చేయడానికి ఏమిటి కష్టం? ఒక్క బిందె."

వడపోత లెక్కల్లో ఒక్క బిందె ఎంతో నేను ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి చెప్పలేదు.

ఇంటికి వచ్చాను. పళ్ళెం ముందు కూర్చుని బిందె చూశాను. అంచు మీద ఒక పక్క మెరుపు. వేళ్ళు తట్టీ తట్టీ అరిగిన చోటు. దాన్ని బోర్లిస్తే ఆ చోటు కిందికి పోతుంది.

ఇన్నాళ్ళూ దయ్యం ఎవరో తెలుసుకోవాలనుకున్నాను. రోజూ బిందె ఎక్కించి ఆమెను కూర్చోబెట్టింది నేను. నన్ను నమ్మి, బతికే ఉందనుకుని, ఆమె కట్టిన దడి ఆమెను కాపాడుతూ వచ్చింది. గరికయ్యను ఎలా కాపాడాలనుకుందో అలాగే.

చిట్టా 50

సాయంత్రం వంతెన దాటాను. నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని పాపకు కాళ్ళు తోముతోంది, చేతికి కాస్త తడి తగిలించుకుని. పిల్ల ఏడుపు పొడిగా ఉంది.

"అప్పా, ఒక పని ఉంది."

"ఆనపకాయలొద్దు."

"కాయలు కాదు. రేపు తెల్లవారుజామున మా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడాలి. నన్నొక మాట అడగాలి."

తోముతున్న చెయ్యి ఆగింది. "ఏ మాట?"

"కాపరి అడిగే మాట."

ఆమె పాపను ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత మెల్లగా అంది. "నువ్వు బోర్లించనేదా?"

"లేదు."

"ఇన్నాళ్ళ నుండీ?"

"ఆ."

తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "సదువుకున్నోడివి. ఊరందరి గుమ్మాల కాడా నిలబడి అడిగినోడివి. నీ గుమ్మం కాడ అడగడానికి ఒక మనిసి కావాలని నీకు తెలీలేదా? నీ కళ్ళకి మేము కనబళ్ళేదా? పిలిత్తే వద్దుం కదా!" తిడుతూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మాకూ బుద్ధి నేకపోనాది. ఆయనే కాపరి కదా, సూసుకున్నాడనుకున్నాం."

లోపల్నించి ఈశ్వరి అడిగింది. "బాబాయిగారూ, నేనూ రానా?"

"పచ్చిబాలెంతవి, పడుకో" అని మేమిద్దరం ఒకేసారి అన్నాం.

చిట్టా 51

చప్పుడుకి ముందే లేచాను.

బిందె ఖాళీ చేశాను. తుడిచాను. పళ్ళెం మీద బోర్లించాను. చిన్నగా మోగింది. గుమ్మం బయట నూకాలమ్మ ఉంది. దగ్గు ఆపుకుంటోంది.

కొళాయి తెరుచుకుంది.

నీళ్ళు లోపలికి పడే చప్పుడు వేరు. అది మొదట గట్టిగా ఉండి, నిండేకొద్దీ మెత్తబడుతుంది. ఇది మెత్తబడలేదు. బిందె అడుగు మీద పడి, చుట్టూ చిమ్మి, నా పాదాలు తడిపి, చెక్కల సందుల్లోంచి కిందికి పోయింది. కింద సముద్రం తీసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను.

పేరు పెట్టి పిలవాలి. నోరు రాలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పేరు పెట్టి పిలిచింది తక్కువ. ఇదుగో అనేవాణ్ణి. ఆమె పలికేది.

నీళ్ళు సన్నబడడం మొదలైంది.

"పిలు బాబూ" అంది నూకాలమ్మ బయటి నుంచి. "బేగి పిలు. ఆగిపోతాది."

"సువర్చలా" అన్నాను. "నీ వంతు అయింది."

కొళాయి మూసుకుంది. ఆఖరి చుక్క బిందె మీద ఆగి జారింది.

కాసేపటికి గుమ్మం అవతల గొంతు సవరించుకుంది నూకాలమ్మ. కాపరి అడిగినట్టే అడిగింది, పెద్దగా, పక్క తెప్పలకు వినిపించేలా. ఎప్పుడూ నువ్వు అనే మనిషి, ఈ ఒక్కసారి మీరు అంది.

"బోర్లించారా?"

ఈ మాట నేను ఎన్నో గుమ్మాల ముందు అడిగాను. జవాబు రావడానికి ఎందుకు ఆలస్యమవుతుందో లోపల ఉంటే తెలిసింది. ఆమె రెండోసారి అడగలేదు. ఆగింది.

"బోర్లించాను" అన్నాను.

చిట్టా 52

నిన్న సాయంత్రం వరస తీశాను. పాప వరస ఎక్కించాను. ఖాళీ అయిన వంతే వస్తుంది కాబట్టి పాప వంతు తెల్లవారుజామున మొదటిది. పేరు ఇంకా పెట్టలేదు. సువర్చల పేరు పెడతామని ఈశ్వరి అంది. వద్దన్నాను. ఈ పిల్ల తన పేరుతో పెరగాలి.

దాచిన షీటును మళ్ళీ దాచాను. చట్రం తాళం వేశాను. కాపరి ఇంట్లో ఎవరైనా పోతే పక్క తెప్ప మనిషి అడగాలని నియమాల షీటులో ఒక వాక్యం చేర్చాను. ఆ గడికీ తాళం వేశాను. పున్నమి సభలో తాళాల మాట ఉండదని కృపావరంగారు కబురు పంపారు. కబురుతో పాటు చేపలు.

ఈ ఉదయం అలవాటుగా ముందే మెలకువ వచ్చింది. పళ్ళెం మీద నా బిందె ఒక్కటే ఉంది. నా వంతుకు ఇంకా సమయముంది. కొళాయి మూసే ఉంది.

గోడ అవతల కొళాయి తెరుచుకుంది. నీళ్ళు గట్టిగా పడి, పడేకొద్దీ మెత్తబడ్డాయి. అంచు మీద వేళ్ళు తట్టిన చప్పుడు. తర్వాత నూకాలమ్మ గొంతు.

"నిండావా తల్లీ?"

ఇన్నేళ్ళూ ఆ చెక్కగోడకు అటువైపు ఆమె ఉంది. సువర్చల మాట అక్కడికీ వినిపించి ఉంటుంది.

పాప ఏడ్చింది. ఊరుకుంది. కాపరి గదికి వెళ్ళి బుక్కు తెరిచాను.

సువర్చల వరస రాలేదు.